ధూపము చూపిన దిక్కు

వైశాఖమాసపు తుదిదినములవి. పలనాటిసీమ నాపరాతినేలపై ప్రచండభానుడు ప్రొద్దుపొడుపు మొదలుకొని పగబట్టినవానివలె నిప్పులు చెరుగుచుండగా పశువులు నీడను వీడకయు పక్షులు గొంతు విప్పకయు బాటసారులు తలపాగ సడలింపకయు దినమొక యుగముగా గడపుచుండిరి. పట్టపగలు ఊరివీథులలో నరసంచారము లేదు. ఊరికి రెండుక్రోసుల దూరమున రాతిగుట్టపైన నాలుగంతస్తుల సౌధములతోడను విశాలమైన గ్రంథాలయముతోడను ఆఱువందల కంప్యూటర్లు బారులు తీరిన పరీక్షామందిరముతోడను విరాజిల్లు ఇంజనీరింగు కళాశాలయందు మాత్రము వేసవి యనునది ఇరువదియాఱేండ్లుగా ద్వారముకడనే నిలిచిపోవుట ఆచారమైయుండెను.

ఆ యాచారమును నిలుపుచున్నది అంకమ్మ. నాపరాతిగనులలో రాళ్లు మోసిన తల్లికడుపున పుట్టి ఐ.టి.ఐ.లో నలువదిమంది మగపిల్లల నడుమ ఒక్కతెయై శీతలయంత్రవిద్య నభ్యసించి కళాశాల తెఱచిన నాడే చిన్న కొలువున జేరి క్రమక్రమముగా శీతోష్ణయంత్రశాఖకు పెద్దదిక్కయిన యామె నెరసిన జుట్టు ముడివేసి చీరపై నూనెమరకల నీలిచొక్కా తొడిగి నడచివచ్చుచుండ ఆచార్యులు సైతము ప్రక్కకు తొలగి దారి యిచ్చెడివారు. వేసవిలో మందిరములకు చల్లదనమును చలికాలమున వసతిగృహములకు వేడినీళ్లును సమకూర్చుట ఆమెకును ఆమె చేతిక్రింది యైదుగురు పనివారికిని విధి. శబ్దము విని యంత్రపు రోగమిదియని చెప్పగలదని ఆమెకు పేరు. ఆ పేరును ఆమెయు కొంచెము నమ్మియుండెను. చిక్కంతయు అక్కడనే వచ్చినది.

ఈ యంత్రము నడచు తీరు తెలియక కథ తెలియదు గనుక రెండుమాటలు చెప్పక తప్పదు. మందిరములలోని వేడిమిని నీరు మోసికొని మేడపైకి పోవును. అచ్చట ప్రక్కల పలకసందులుగల యొక పెద్ద పెట్టె కలదు. దానిని పనివారు టవరందురు. టవరు నెత్తిన తిరుగు నిలువెత్తు ఫంకా ఆ సందులగుండ బయటిగాలిని లోనికి ఈడ్చి పైకి వెడలగొట్టుచుండగా ఆ గాలి సోకి నీరు చల్లారి క్రిందికి దిగివచ్చును. నీరు చల్లారకున్నచో క్రింద యంత్రశాలలోని శీతలయంత్రము ఉడికిపోయి ప్రాణరక్షణకై తనంత తానే ఆగిపోవును.

ఆ యేడు అది అట్లే ఆగిపోవుచుండెను. చైత్రమాసము నడుమ మొదలైన యా మంకుతనము వైశాఖమునకు నిత్యవ్రతమై ప్రతిదినము మధ్యాహ్నము రెండుగంటల యిరువది నిముషములకు వేడిమిని చూపు గేజి ముల్లు ఎఱ్ఱగీతను తాకుటయు యంత్రము టక్కున నిలిచిపోవుటయు జరిగిపోవుచుండెను. అంకమ్మయు ఆమెవారును గొట్టములు కడిగిరి. గ్యాసు నింపిరి. పంపు ఊడదీసి బిగించిరి. ఎన్ని చేసినను రెండుగంటల యిరువది నిముషములకు రావలసినది రానేవచ్చెను. పరకంపెనీ ప్రతినిధి యొకడు మెడపట్టీ బిగించుకొని వచ్చి యంత్రమును వ్రేలితోనైన తాకక దీనికి ఆయువు మూడినదనియు క్రొత్తయంత్రమును కొని దానితో తమ పనివారిని నియమించుకొనుటయే తరుణోపాయమనియు తేల్చిపోయెను.

ప్రిన్సిపాలు కుటుంబరావుగారు భౌతికశాస్త్రాచార్యులు. చెడ్డవారు కారు. ఒక బుధవారమునాడు ఆయన అంకమ్మను పిలిపించి ఆమె ముఖము చూడలేక కిటికీవైపు చూచుచు మాటాడెను.

“అంకమ్మగారూ, మీమీద నమ్మకం లేక కాదు. ఆదివారం ఆరువందలమంది పిల్లలు ఎంట్రన్సు రాయబోతున్నారు. ఆ మధ్యాహ్నం మిషను ఆగిందంటే కంప్యూటర్లు ఆగుతాయి, పరీక్ష ఆగుద్ది. సోమవారం ఆ కంపెనీ కాగితంమీద సంతకం పెట్టక తప్పదు.”

“మావాళ్ల సంగతేంది సార్?”

“ఎవరినీ ఇంటికి పంపను. గేటు దగ్గరో తోటపనికో సర్దుతాను.”

“ఆదివారం ఆగకపోతే?”

“ఆగకపోతే ఆ కాగితంతో నాకు పనేముంది?”

అంకమ్మ బయటకు వచ్చి వరండా స్తంభమున కానుకొని నిలిచెను. యంత్రమును బిడ్డవలె సాకిన తానును తనతో చేతులు మసి చేసికొన్న యైదుగురును సోమవారమునుండి గేటుకడ కఱ్ఱలు పట్టుకొని నిలువవలెనా యని తలచుకొనగానే ఆమెకు తల కొట్టివేసినట్లయ్యెను. ఇంటికి పోయి అన్నము ముద్ద నోట పెట్టుకొనలేకపోయెను.

ఇంత దుఃఖమునందును పనివారికి ఒక సుఖము లేకపోలేదు. ఆ యేడు ఏమి చిత్రమోగాని మేడపై టవరు ప్రక్కనున్న మూల యెండవేళ సైతము హాయిగా నుండెను. సన్నని తుంపరలతో చల్లనిగాలి మొగమునకు కొట్టుచుండగా వారందఱు అచ్చట గుండ్రముగా కూర్చుండి గోంగూరపచ్చడియు పెరుగన్నమును తినుచు ఊరంతటను ఇంతటి చోటు లేదని మురియుచుండిరి. ఆచార్యులు కొందఱు పనిలేకున్నను మేడయెక్కి ఆ గాలికి నిలిచిపోవుచుండిరి. ఆ గాలి యెక్కడినుండి వచ్చుచున్నదని మాత్రము ఒక్కరికిని తోచలేదు.

శుక్రవారము వచ్చెను. ప్రతి శుక్రవారమునను వృద్ధుడైన ఫిట్టరు సైదాచారి యంత్రములకు పసుపుకుంకుమలు పెట్టి అరటిపండునకు రెండు అగరుబత్తులు గ్రుచ్చి టవరు ప్రక్కసందులకడ నిలుపుట యంత్రశాల పుట్టిననాటి మర్యాద. ఆనాడు అంకమ్మ యంత్రశాలకు వచ్చుసరికి ఆ యరటిపండు యంత్రశాల గడపమీద కనబడెను.

“ఇదేంది బాబాయ్? టవరు దగ్గర పెట్టాల్సింది ఇక్కడ పెట్టావు?”

సైదాచారి చేతిగుడ్డతో శుభ్రముగానున్న రెంచినే మరల తుడువసాగెను. అంకమ్మ మఱియొకసారి యడుగగా ముసలివాని కనులలో నీళ్లు తిరిగెను.

“అక్కడ దేవుడు పుచ్చుకోట్లేదమ్మాయ్. అప్పుడు పొగ పెట్టీ పెట్టగానే లోపలికి లాక్కునేవోడు. శివరాత్రి ఎల్లినకాడ్నించీ నా మొగాన కొడతన్నాడు. ఒకోసారి బత్తీ కూడా ఆరిపోద్ది. ఏం అపచారం జరిగిందో ఏమో, నీకు చెబితే అసలే దిగులుమీదున్నావు గదా అని చెప్పలా.”

అంకమ్మ గడపమీది యరటిపండును అగరుబత్తులతోనే చేతబట్టి చీర కుచ్చెళ్లు ఎగదోపుకొని నాలుగంతస్తుల మెట్లును ఒక్కయూపున ఎక్కెను. తక్కినవారు ఏమైనదో తెలియక వెంటబడిరి. టవరు సందునకు జానెడు దూరమున పండు నిలిపి మోకాళ్లపై వంగి చూడగా లోనికి పోవలసిన పొగ వెనుకకు మరలి ఆమె కన్నులలో పడెను. చల్లనిగాలియు తుంపరలును ఎప్పటివలెనే హాయిగా ముఖమునకు తగిలెను. కన్నులు మండుచున్నను ఆమె రెప్ప వేయలేదు.

అప్పుడామెకు మాఘమాసపు ఉదయమొకటి జ్ఞప్తికి వచ్చెను. ఆనాడు ఫంకామోటారునకు క్రొత్తతీగ చుట్టించి తెచ్చిరి. ఎలక్ట్రీషియను మీరావలి నిచ్చెన యెక్కి తీగలు కలుపుచుండగా ఆడపిల్లల వసతిగృహమున వేడినీళ్లు రావడము లేదని కబురు వచ్చెను. చలికి వణకుచు బకెట్లతో నిలిచినవారికొఱకు పరుగెత్తవలసిన తొందరలో అంకమ్మ నిచ్చెన యెక్కక క్రిందనుండియే తిరుగుతోందా యని కేకవేసెను. తిరుగుతోందక్కా యని మీరావలి పలికెను. మోటారు శబ్దము చెవికి ఇంపుగానుండెను. ఆమె సంతకము చేసి వెడలిపోయెను. తిరుగుచున్నదా యని యడిగినదే కాని ఎటు తిరుగుచున్నదని అడుగలేదు. రెండుతీగలు తారుమారైనచో ఫంకా వెనుకకు తిరిగి గాలిని లోనికి ఈడ్చుటకు మారు సందులగుండ బయటికి నెట్టును. ఎటు తిరిగినను శబ్దమొక్కటియే. చలికాలపు చల్లదనమున ఆ తప్పు దాగియుండి ఎండలు ముదరగానే బయటపడినది. ఆఱువందలమందికి దక్కవలసిన చలువ మూడునెలలుగా ఆఱు టిఫిను డబ్బాలయొద్ద వృథాగా కారిపోవుచుండెను.

“మీరావలీ, కరెంటు తీయి” అని అంకమ్మ లేచెను.

నిచ్చెన తానే యెక్కి పెట్టె మూత విప్పి రెండుతీగలను మార్చి బిగించెను. అయిదు నిముషముల పని. దినములకొలది ఊడదీసి కడిగి బిగించి చేతులు బొబ్బలెక్కించుకొన్న పనివారు ఆ యయిదు నిముషములు నోరు తెఱచుకొని చూచుచు నిలిచిరి. కరెంటు వచ్చెను. ఫంకా కదలెను. సైదాచారి క్రొత్తబత్తులు వెలిగించి పండునకు గ్రుచ్చి సందుకడ నిలుపగా ధూపము ఒక్కక్షణము నిటారుగా నిలిచి ఆలోచించినట్లుండి పిమ్మట వంగి గీత గీసినట్లు సందులోనికి చొచ్చిపోయెను.

“పుచ్చుకున్నాడమ్మాయ్! పుచ్చుకున్నాడు!” అని సైదాచారి చెంపలు వేసికొనెను.

మీరావలి మాత్రము తలవంచుకొని నిలిచెను. “తీగలు కలిపింది నేనక్కా. ప్రిన్సిపాలు గారికి నా పేరు చెప్పు. నువ్వు మాటపడొద్దు.”

“కలిపింది నువ్వు. చూడాల్సింది నేను. సంతకం నాది” అని అంకమ్మ మెట్లు దిగెను.

ఎవరికిని చెప్పకుండ ఊరకుండవచ్చును. యంత్రము నయమైనదనిన చాలును. ఎట్లు నయమైనదని యడుగువారు లేరు. అయినను ఆమె తిన్నగా ప్రిన్సిపాలు గదికి పోయి జరిగినదంతయు పొల్లుపోకుండ చెప్పి తప్పు తనదని చేతులు కట్టుకొని నిలిచెను. కుటుంబరావుగారు కళ్లజోడు తీసి బల్లపై పెట్టెను.

“ఈ వేసవంతా వారానికోసారి నేనూ ఆ మేడెక్కి ఆ గాలికి నిలబడ్డానమ్మా. ముప్పైయేళ్లు ఫిజిక్సు చెప్పినవాణ్ణి. నాకూ అనుమానం రాలా.” ఆయన చిన్నగా నవ్వి మరల గంభీరుడయ్యెను. “కానీ కాగితం సోమవారం దాకా బల్లమీదే ఉంటది. ఆదివారం మూడింటికి మిషను ఏం చెబుద్దో చూద్దాం.”

ఆదివారము వచ్చెను. ఆనాటి ఎండ ఏడాది ఎండలలోకెల్ల తలమానికము. నలువదియాఱు డిగ్రీల తాపమున గుట్టమీది రాళ్లు పెనములై కాగుచుండగా ఆఱువందలమంది విద్యార్థులు పరీక్షామందిరమున బారులు తీరి కూర్చుండిరి. యంత్రశాలలో అంకమ్మ గేజియెదుట నిలిచెను. ఉదయమునుండి కూర్చుండలేదు. మంచినీళ్లైన త్రాగలేదు. ఒంటిగంటకు ముల్లు కదలెను. రెండుగంటలకు ఎఱ్ఱగీతకు నాలుగువ్రేళ్ల దూరమునకు వచ్చెను. సైదాచారి కన్నులు మూసికొనెను. మీరావలి గడియారము చూచి రెండూ ఇరవయ్యని పలికెను. అందఱును ఆ టక్కుమను పాడుశబ్దముకొఱకు చెవులు రిక్కించియుండిరి. ముల్లు ఉన్నచోటనే సన్నగా వణకి నిలిచి పిదప ఒక వెండ్రుకవాసి వెనుకకు జరిగెను. రెండున్నర యయ్యెను. మూడుగంట లయ్యెను. యంత్రము నిండుకడుపుతో పాడుకొను తల్లివలె ఒకేస్వరమున నడచుచుండెను.

మూడు దాటి పదినిముషములకు తలుపు తెఱచుకొని పరీక్షామందిరపు పర్యవేక్షకురాలు పమిట నిండుగా కప్పుకొని లోనికి వచ్చెను.

“అంకమ్మగారూ, కాస్త తగ్గించండి. పిల్లలు చేతులు రుద్దుకుంటున్నారు. చలికి వేళ్లు ఆడటంలేదంట!”

యంత్రశాల దద్దరిల్లెను. మీరావలి స్పానరుతో రేకుడబ్బాను డప్పువలె వాయించెను. డెబ్బదికి చేరువైన సైదాచారి రెండడుగులు ఎగిరి నడుము పట్టుకొనెను. తప్పు ఒప్పుకొన్ననాడు గాని గేటుపని మాట విన్ననాడు గాని కన్నీరు పెట్టని అంకమ్మ గేజి అద్దముపై అరచేయి మోపి వెక్కివెక్కి యేడ్చెను. అది దుఃఖము కాదు. ఇరువదియాఱేండ్ల బ్రతుకు తిరిగి చేతికి వచ్చిన సంతోషము.

అది మొదలు ఆ కళాశాలలో ఏ మోటారు బిగించినను అంకమ్మ నిచ్చెన తానే యెక్కి తిరుగు దిక్కును కన్నులార చూచి గాని సంతకము చేయదయ్యెను. మంచిపేరు తెచ్చినవి చెవులే యైనను ఆ పేరును నిలుపుటకు నిచ్చెన యెక్కు కాళ్లును కావలెనని ఆమె యెఱిగెను. యంత్రమునకే కాదు మనుష్యులు తలపెట్టు ఏ పనికైనను కదలుచున్నదన్న తృప్తి చాలదు. కదలుచున్న దిక్కును చూచువారు ఒక్కరైన నుండవలెను.

సోమవారము మధ్యాహ్నము వారాఱుగురు ఎప్పటివలెనే టవరు ప్రక్కన గుండ్రముగా కూర్చుండి డబ్బాలు విప్పిరి. చల్లనిగాలి లేదు. తుంపర లేదు. ఆ మూల పలనాటి ఎండ తన ప్రతాపమంతయు చూపుచుండగా చెమటలు కణతలనుండి గడ్డములకు జారి అన్నములో రాలుచుండెను. అట్టివేళ కుటుంబరావుగారు మేడయెక్కి వచ్చి అంకమ్మ ప్రక్కనే నేలమీద చతికిలబడి ఒక గోంగూరముద్ద అడిగి పుచ్చుకొనెను. పిదప జేబులోనుండి సంతకము లేని కంపెనీ కాగితమును తీసి నాలుగు మడతలు పెట్టెను.

“అబ్బ, ఏం ఉక్కగా ఉందమ్మా ఇక్కడ!” అని ఆయన దానితో విసరుకొనసాగెను.

“ఔను సార్, శానా ఉక్కగా ఉంది” అని అంకమ్మ నుదుటి చెమట తుడుచుకొని తృప్తిగా నవ్వెను.