గోడను తోయడం

“గోడ పడిపోతాదేమో, చూసుకో కరుణా,” అన్నాడు మా ఆయన జయపాల్, పేపరు మీంచి తల ఎత్తకుండానే. నేను హాల్లో గోడకు రెండు చేతులూ ఆనించి, మోచేతులు వంచి, మళ్లీ వెనక్కి తోసుకుంటున్నాను. చప్పున ఆపేసి, చున్నీతో గోడ తుడుస్తున్నట్టు నటించాను.

ఆత్మకూరులో నేను టీచర్ని. ఒకరోజు చిన్నపిల్లల క్లాసులో కింద కూర్చుని లేవలేకపోయాను. పిల్లలు చెరో చెయ్యి పట్టుకుని లాగితే గానీ కాళ్లు నిలబడలేదు. వాళ్లకది ఆట, నాకు తల కొట్టేసినట్టయింది. తోటి టీచరు సుజన చూసి, తను చేస్తున్న వ్యాయామాల వీడియోలు ఫోనుకు పంపింది. బరువులు అక్కర్లేదు, మన ఒళ్లే బరువు. మొదటి మెట్టులో గోడను తోయడం, చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవడం. అవి బాగా కుదిరాక బల్ల పట్టుకుని చేయాలి, ఆ తర్వాతే నేల మీద దండీలు. మధ్యలో ఏదీ దాటెయ్యొద్దని సుజన మరీమరీ చెప్పింది.

ఆ రోజు ఆయన మాటకు తోడు మా అత్త కూడా వంటింటి గుమ్మంలోంచి, “గ్యాస్ బండ ఒక్కతే ఎత్తి పెడతాది. దీనికి గోడ తొయ్యడమేంది?” అంది. నాకూ నిజమే అనిపించింది. నీళ్ల క్యాన్లు, బియ్యం మూటలు, నిద్రపోయిన బిడ్డలు, అన్నీ మోసిన చేతులే కదా. ఇంత వయసొచ్చి ఓనమాల దగ్గర నిలబడడమేమిటని సిగ్గేసింది. ఆ సాయంత్రమే, వాళ్లిద్దరూ చూస్తుండగా, నేల మీద దండీలకు దిగాను. వంగానో లేదో చేతులు వదిలేశాయి. గడ్డం నేలకేసి కొట్టుకుని పెదవి చిట్లింది. జయపాల్ పగలబడి నవ్వాడు.

ఆదివారం ప్రార్థన అయ్యాక చర్చి బయట ఆ సంగతి చెప్పి నలుగురినీ నవ్వించాడు. వాచిన పెదవికి కొంగు అడ్డం పెట్టుకుని నేనూ నవ్వాను. అదే నన్ను ఎక్కువ కాల్చింది.

ఇంటికొచ్చి అన్నం వారుస్తుంటే పాతవన్నీ ఒక్కొక్కటిగా గుర్తుకొచ్చాయి. పెళ్లయి ఉదయగిరి నుంచి ఈ ఇంటికి వచ్చిన మరునాడే ఇంటెడు చుట్టాలకు నాచేత వండించారు. కూర అడుగంటితే ఇదే నవ్వు. తొలి బిడ్డకు పాలివ్వడం చేతకాక ఏడిస్తే, “ఆడదానివి, ఇది గూడా రాదా?” అంది అత్త. కుట్లు మానకముందే బడి, బడి నుంచి రాగానే పొయ్యి. దేనికీ ఎవరూ నాకు మొదటి మెట్టు చూపించలేదు. అన్నీ వచ్చినట్టే నటిస్తూ, రానివాటికి లోలోపల చస్తూ బతికాను. రాకపోవడం తప్పని నేనే నమ్మాను.

మర్నాడు పొద్దున్నే వీధి వరండాలో గోడ ముందు నిలబడ్డాను. పాలకు పోయేవాళ్లు తిరిగి తిరిగి చూస్తున్నారు. మొహం వేడెక్కింది. అయినా మెల్లగా, సుజన చెప్పినట్టే వంగాను. గోడ దగ్గర కూడా నా చేతులు వణికాయి. ఇక్కడి నుంచే మొదలుపెట్టాలన్నమాట.

లోపల్నుంచి జయపాల్ టీ అడిగాడు. నేను ఆపలేదు. పాలు గిన్నెలో ఉన్నాయి, పెట్టుకోమన్నాను.

“నాకు టీ పెట్టడం రాదు గదా,” అన్నాడు గుమ్మంలోకి వచ్చి.

“మొదటిసారి ఎవరికీ రాదు. నేర్చుకోండి,” అన్నాను.