రెండో బొత్తాం

ఆమె నన్ను పిలిచిందా, లేదా? ఏళ్ల తరబడి నా లోపల ఈ ఒక్క ప్రశ్నే ఉండిపోయింది. పొద్దున కుట్టుమిషను ముందు కూర్చుంటే ఎదురుగా వచ్చి కూర్చుంటుంది. ప్రార్థనకు కళ్ళు మూసుకుంటే దేవుడికన్నా ముందు వచ్చి నిలబడుతుంది.

నా భార్య పోయిన రోజున నేను ఆమెకు దగ్గరలోనే ఉన్నాను. సముద్రపు ఒడ్డున గుట్ట మీద ఒక పాత మందిరం ఉంది. నేను దాని లోపల కళ్ళు మూసుకుని కూర్చున్నాను. ఆమె కింద, మెట్ల పక్కన టీ బడ్డీ దగ్గర రాతి బెంచీ మీద ఉంది. నా మోకాళ్ళు ఈ మెట్లకి ఒప్పుకోవు, మీరు వెళ్ళి రండి, నేనిక్కడ గాలికి కూర్చుంటానని తనే పంపించింది. నేను దిగి వచ్చేసరికి బెంచీ చుట్టూ జనం మూగి ఉన్నారు. ఆ తర్వాత జరిగినవేవీ నాకు వరసగా గుర్తులేవు. క్షణంలో అయిపోయింది, బాధ తెలిసి ఉండదు అన్నాడు డాక్టరు. డాక్టర్లు అందరికీ అదే చెబుతారు.

దూరం చూస్తే ఎంతో లేదు. కానీ మందిరం గోడలు మందం, పైగా అలల హోరు. ఆమె పిలిచి ఉంటే నాకు వినపడి ఉండదు. పిలిచి, నేను రాకపోతే, ఏమనుకుంటూ వెళ్ళిపోయిందో అన్నదే నా బాధ. లోపల నేను దేవుణ్ణి పిలుస్తూ, బయట ఆమె నన్ను పిలుస్తూ ఉంటే, దేవుడు ఇద్దరి మాటా వింటూ ఊరుకున్నాడా? ఇలాంటివి అడగకూడదని తెలుసు. అయినా రోజూ అడుగుతూనే ఉన్నాను. ప్రార్థన మానలేదు, ప్రశ్నా మానలేదు.

మాది దర్జీ పని. ఇంటి ముందుగదే దుకాణం. గుడ్డ కత్తిరించడం, మిషను మీద కుట్టడం నా వంతు. కాజాలు, బొత్తాలు, అంచులు, చేత్తో చేసే పనంతా ఆమె వంతు. ఆమెది ఎడమచేతి వాటం. సూది ఎదురుగా వస్తున్నట్టు ఉండేది చూసేవాళ్ళకి. ఆమె పోయాక ఆ పని కూడా నేనే చేసుకుంటున్నాను.

ఆమె తమ్ముడు చిన్న వ్యాను నడుపుతాడు. పట్టుమని పదిమంది కూడా పట్టని వ్యాను. పొద్దున్నే ఎక్కించుకుని, రెండు పాత ఊళ్ళు చూపించి, సముద్రం ఒడ్డుకు తీసుకెళ్ళి, సాయంత్రానికి ఇళ్ళ దగ్గర దింపుతాడు. దారి పొడుగునా నోరు మూయడు. వాళ్ళక్కే వాడికి రేడియో అని పేరు పెట్టింది. ఆ రోజు మమ్మల్ని తీసుకెళ్ళింది కూడా వాడే. అప్పట్నుంచి వాడు ఆ ఒడ్డున వ్యాను ఆపడం మానేశాడు. రోడ్డు బాగు చేస్తున్నారని చెప్పి, ఎత్తు మీద మలుపు దగ్గర్నుంచే సముద్రం చూపించి వెనక్కి తిప్పేవాడు. ఎన్నేళ్ళు బాగు చేస్తారయ్యా ఆ రోడ్డు అని ఎవరూ అడగలేదు. ఎక్కినవాళ్ళు ఏ రోజుకారోజు కొత్తవాళ్ళే కదా.

ఒకరోజు మధ్యాహ్నం దుకాణానికి వచ్చాడు. బల్ల మీది కత్తెర తీసి ఊరికే ఆడిస్తూ నిలబడ్డాడు.

"బావా, ఆదివారం ఒక సీటు ఖాళీ ఉంది."

"కత్తెర అక్కడ పెట్టు. ఖాళీ ఉంటే అమ్ముకో."

"అది అమ్మే సీటు కాదు" అన్నాడు.

రేడియో ఆగి ఆగి మాట్లాడడం నేను అంతకుముందు చూడలేదు. పోయిన వారం వ్యానులో ఎక్కిన ఒకాయనకి ఆ దారంతా తెలుసట. రోడ్డు బ్రహ్మాండంగా ఉందయ్యా, ఎవరికి చెబుతావు కథలు అని పట్టుబట్టాడట. తప్పక ఒడ్డు దాకా వెళ్ళాడు. టీ బడ్డీ ఆవిడ వీణ్ణి చూడగానే గుర్తుపట్టింది. ఆ అక్క వస్తువొకటి నా దగ్గర ఉండిపోయింది, ఆయన చేతికే ఇస్తాను, తీసుకురా అందట. ఏ వస్తువంటే చెప్పలేదట.

"ఆవిడ చివరిదాకా అక్క పక్కనే ఉంది బావా" అన్నాడు. "నాకు అడిగే ధైర్యం లేకపోయింది. నువ్వే అడగాలి."

వస్తానని వెంటనే అనలేదు. తెలియకపోవడంలో ఒక వెసులుబాటు ఉంది. పిలవలేదేమో అనుకోవడానికి రోజూ కాస్త చోటు మిగులుతుంది. అక్కడికి వెళ్ళి, పిలిచింది అని ఆవిడ నోట వింటే ఆ చోటు కూడా పోతుంది. తర్వాత నేను ఏ ముఖం పెట్టుకుని ప్రార్థనకు కూర్చోవాలి? ఆ వారమంతా కొలతలు తప్పు రాసుకున్నాను. శనివారం నాడు, వస్తానని కబురు పంపాను.

ఆదివారం వ్యానులో ముందు సీటు నాకిచ్చాడు. అది వాళ్ళక్క కూర్చునే సీటు. వెనక రిటైరైన మాస్టారు, ఆయన భార్య, కొత్తగా పెళ్ళయిన జంట, మరి కొందరు ఉన్నారు. మాస్టారి భార్య ఎక్కుతూనే ఆయన మెడకి మఫ్లరు చుట్టింది. ఆయన విప్పాడు. ఆమె మళ్ళీ చుట్టింది.

మొదటి ఊళ్ళో కోట. ఇప్పుడు గోడ మాత్రమే మిగిలింది, దాని మీద గడ్డి మొలిచి ఉంది. రేడియో తన ధోరణిలో మొదలుపెట్టాడు. ఈ గోడ కట్టడానికి ఒక రాజుకి జీవితమంతా పట్టిందట, ఆయన కొడుకు దాన్ని కాపాడుకోలేకపోయాడట.

"మా ఇంట్లో గోడకి పగులొచ్చింది" అంది మాస్టారి భార్య. "ఈ మహారాజుకి దాన్ని పూడ్చడానికి జీవితమంతా చాలేట్టు లేదు."

"మేస్త్రీని రానిస్తేగా నువ్వు. గచ్చు పాడవుతుందంటావు" అన్నాడాయన.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాననుకుంటాను. పోట్లాడుకోవడానికి మనిషంటూ ఉండాలి.

రెండో ఊరు పాతకాలపు వర్తకులది. ఇరుకు సందులు, రంగులు వెలిసిన తలుపులు, పైనుంచి తొంగిచూసే కర్ర వసారాలు. ఒక సందులో ఇద్దరు పక్కపక్కన నడవడానికి వీల్లేదు. మాస్టారు వెనక, ఆమె ముందు నడుస్తున్నారు. నాలుగడుగులకోసారి ఆమె వెనక్కి తిరిగి చూస్తోంది. ఏమీ అనడం లేదు, ఉన్నాడా లేడా అని చూసుకుంటోంది అంతే. నేను వాళ్ళ వెనక నడుస్తున్నాను. నా ముందున్నవాళ్ళెవరికీ వెనక్కి తిరిగి నన్ను చూడాల్సిన పని లేదు. ఒక కిటికీకి వేలాడుతున్న తెర అంచు ఊడిపోయి ఉంటే, కాసేపు దాన్నే చూస్తూ నిలబడ్డాను.

వ్యాను మళ్ళీ బయలుదేరింది. ఎత్తు మీద మలుపు తిరగగానే సముద్రం ఒక్కసారిగా కనిపించింది. వెనక సీట్లలో వాళ్ళు కిటికీల వైపు జరిగారు. నీళ్ళు దగ్గర ఆకుపచ్చగా, దూరాన నల్లగా ఉన్నాయి. కొండ అంచు వెంట తెల్లటి నురగ పాకుతోంది. ఎంతో బాగుంది. ఆ రోజూ ఇలాగే ఉంది. రేడియో మాట్లాడడం ఆపేశాడు.

"ఏం బాబూ, ఇక్కడ చెప్పడానికేం లేదా?" అన్నారు మాస్టారు.

"మా చుట్టాల ఊరండీ" అని సాకు చెప్పాడు వాడు. "ఇక్కడ మీరే చూసుకోండి."

వ్యాను ఆగింది. తక్కినవాళ్ళు మెట్లెక్కి మందిరానికి వెళ్ళారు. దేవుడి దగ్గరికి వచ్చి మెట్లెక్కకుండా ఉండడం నా జన్మలో అదే మొదటిసారి. తిన్నగా బడ్డీ వైపు నడిచాను. రేడియో వ్యాను దగ్గరే ఆగిపోయి, చేతిలో గుడ్డతో అద్దం తుడవడం మొదలుపెట్టాడు. ఆ అద్దం శుభ్రంగానే ఉంది.

బడ్డీ ఆవిడ నా భార్య కంటే చిన్నదే. ఎండకీ ఉప్పుగాలికీ ముఖం ముదిరిపోయింది. నన్ను చూసి పొయ్యి తగ్గించింది. బల్ల కింది నుంచి ఒక ప్లాస్టిక్ సంచి తీసి, బెంచీ మీద నా పక్కన పెట్టి, తనూ కూర్చుంది. సంచిలో మడతపెట్టిన పాత ఉన్ని కోటు ఉంది.

"ఇది నాదే అన్నయ్యా. ఇందులో ఉన్నది అక్కది" అంది.

కోటు విప్పింది. ముందు భాగంలో కింద రెండు బొత్తాలు మిగతావాటితో కలవడం లేదు. పైది పూర్తిగా కుట్టి ఉంది. దాని కిందిది సగమే. నాలుగు కన్నాల్లో రెండింటికి దారం పడింది, మిగతా రెండింట్లో ఒక్క పోగు మాత్రం ఉంది. ఆ దారం చివర సూది, గుడ్డలోనే గుచ్చి ఉంది. చిలుం పట్టింది.

ఆ రోజు సంగతి ఆవిడ నెమ్మదిగా చెప్పుకొచ్చింది. నా భార్య టీ తాగింది. చాలా బాగుంది, మా ఇంట్లో ఆయన పెట్టే టీ పశువులు కూడా ముట్టవు అని నవ్వించిందట. డబ్బులిస్తే ఈవిడ తీసుకోలేదు. అప్పుడు నా భార్య ఈవిడ కోటు చూసింది. గాలికి రెక్కలు కొట్టుకుంటోంది, రెండు బొత్తాలు లేవు. ఊరికే తాగి వెళ్ళడం నాకు అలవాటు లేదు, విప్పు, రెండూ కుట్టిస్తాను, చెల్లుకు చెల్లు అందట. సంచిలో సూది, దారం, నాలుగైదు బొత్తాలు ఆమెకు ఎప్పుడూ ఉండేవి. పెళ్ళికి వెళ్ళినా ఉండేవి.

"మొదటిది అయ్యేసరికి చెమట పట్టింది అక్కకి. ఎండ అంది. అంత ఎండేం లేదు."

నేను అడగాల్సింది అప్పుడే. ఆవిడే నా ముఖం చూసి చెప్పింది.

"ఎవరితో వచ్చావక్కా, పిలుచుకురానా అన్నాను. వద్దంది."

"వద్దందా?"

"మా ఆయన కళ్ళు మూసుకుంటే మధ్యలో లేపకూడదు. రోజంతా ఏదో పారేసుకున్నవాడిలా తిరుగుతాడు. ఆయన్ని కానియ్యి అంది. నవ్వుతూనే అంది అన్నయ్యా. రెండోది మొదలుపెట్టింది. కొంచెం సేపటికి తల నా భుజం మీద వాల్చింది. కునుకు పట్టిందనుకున్నాను. ఆ మనిషికి చెయ్యి అడ్డం పెట్టి, మీ కోసం మెట్ల వైపు చూస్తూ కూర్చున్నాను నేను."

నేను కోటు ఒళ్ళోకి తీసుకున్నాను. ఎవరి మాటైనా నమ్మాలో వద్దో అని సందేహించవచ్చు. కుట్టుని సందేహించడం నాకు రాదు. నేను బొత్తాం కుడితే దారం ఇంటూ గుర్తులా ఒకదాని మీదొకటి అడ్డంగా పడుతుంది. ఆమె కుడితే రెండు గీతలు పక్కపక్కన పడతాయి. లావు గుడ్డకి బొత్తాం కుట్టేటప్పుడు, అది కాజాలో ఇమడడానికి, బొత్తాం కింద దారం చుట్టి చిన్న కాడలా నిలబెడతాం. ఎడమచేతి వాటం కాబట్టి ఆమె చుట్టు నాకు ఎదురు తిరుగుతుంది. అక్కడ అలాగే తిరిగి ఉంది.

వేలితో గుడ్డ తడిమి చూశాను. భయపడ్డ చెయ్యి దారాన్ని బిగలాగుతుంది, గుడ్డ ముడత పడుతుంది. ఆ సంగతి నాకు బాగా తెలుసు. ఆమె పోయిన కొత్తలో నేను కుట్టిన బట్టలన్నీ అలాగే ముడతపడ్డాయి. ఇక్కడ ముడత లేదు. మొదటి బొత్తాం దగ్గరా లేదు, రెండో దాని దగ్గరా లేదు. ఆ ఆఖరి పోగు కూడా ఎంత లాగాలో అంతే లాగింది.

ఆమె పిలవలేదు. పిలుస్తానన్నవాళ్ళని పిలవనివ్వలేదు. నా ప్రార్థన చెడకూడదని. ఆ ప్రార్థనలో నేను అడుగుతున్నది ఆమె మోకాళ్ళ నొప్పి తగ్గాలని. దేవుడా, ఆ పూట నువ్వు ఎవరి మాట విన్నట్టు? కోపంతో అడగడం లేదు. తెలుసుకుందామని అడుగుతున్నాను. పైన మందిరంలోంచి, తెరిచిన తలుపు గుండా, లోపలివాళ్ళ మాటలు వినిపిస్తున్నాయి. ఇక్కడ కూర్చుంటే అంత స్పష్టంగా వినిపిస్తాయని నాకు తెలియదు. నేను లోపల గొంతెత్తి అడిగినవన్నీ ఆమె ఇక్కడ వింటూనే ఉందేమో. ఆ ఆలోచన రాగానే ఏడుపు వచ్చింది. ఆవిడ లేచి, నన్ను చూడకుండా, గ్లాసులు కడగడానికి వెళ్ళింది.

ఎప్పుడు వచ్చాడో, రేడియో నా వెనక నిలబడి ఉన్నాడు. మొత్తం విన్నాడని వాడి కళ్ళు చూస్తే తెలిసింది.

"సూది తీసుకుపోండన్నయ్యా" అంది ఆవిడ తిరిగి వచ్చి. "చాలామంది కుట్టిస్తామన్నారు. నాకే చెయ్యి రాలేదు. తీసి పారెయ్యలేను, వాడుకోలేను. ఆమెది ఆమె ఇంటికి చేరితే నాకు నిశ్చింత."

"రెండు కుడతానంది కదమ్మా" అన్నాను.

"అయ్యో, అది మాటవరసకి అన్నది."

"మాటవరసకి అనదు. ఒకరి దగ్గర ఊరికే తాగి వెళ్ళే మనిషి కాదు. ఒక అగ్గిపుల్ల ఇయ్యి."

సూదిని బెంచీ రాతికి రుద్దాను. చిలుం పోయి మొన మెరిసింది. దారం మెల్లిగా లాగి చూశాను, సంచిలో ఉండబట్టి పట్టు తగ్గలేదు. ఆమె వేసిన పోగుల్ని కదపలేదు. కింద కాడకి సరిపడా దారం వదులుగా ఉండేలా బొత్తాం మీద అగ్గిపుల్ల ఆనించి, ఆమె ఆపిన చోటు నుంచి మొదలుపెట్టాను. చెయ్యి అలవాటుగా అడ్డం వెళ్ళబోయింది. ఆపి, పక్కపక్కనే రెండు గీతలు పడేలా వేశాను. రేడియో వంగి, గాలికి కొట్టుకోకుండా కోటు అంచు పట్టుకున్నాడు. పుల్ల తీసేసి కింద కాడ చుట్టేటప్పుడు సూదిని ఎడమచేతిలోకి మార్చుకున్నాను. వేళ్ళు మాట వినలేదు. ఎలాగో చుట్టు ఆమె వైపుకే తిప్పాను. దారం పళ్ళతో కొరికాను.

అప్పటికి మాస్టారు, ఆయన భార్య కిందికి వచ్చేశారు. ఆయన ఏదో అడగబోతే, ఆమె మోచెయ్యి పట్టుకుని వ్యాను వైపు తీసుకెళ్ళింది.

కోటు దులిపి ఆవిడ చేతికిచ్చాను. సూది నా జేబులో పెట్టుకున్నాను. సముద్రం మీంచి గాలి గట్టిగానే వీస్తోంది. ఆవిడ కోటు తొడుక్కుని, పైది పెట్టుకుంది. తర్వాత రెండో బొత్తాం కాజాలోకి తోసి, దాని మీద అరచెయ్యి ఒకసారి ఆనించింది.

"అక్క బాకీ తీరింది అన్నయ్యా" అంది.