చదవని పేజీ

సమాధి రాళ్ళు చెక్కే పని నాకు మా నాన్న నేర్పాడు. దాంతోపాటు ఒక నియమం కూడా పెట్టాడు. ఎవరైనా బైబిలు వాక్యం తెచ్చి చెక్కమంటే, దాని ముందు పేజీ, వెనక పేజీ చదవనిదే ఉలి పట్టకూడదు. "కాగితం మీద తప్పు రాస్తే కొట్టేస్తాం. రాయి మీద రాస్తే నీ మనవలు కూడా చదువుతారు" అనేవాడు. వీధిలో అందరూ నన్ను ఉలి అక్క అంటారు. పదును నా ఉలికి ఎక్కువా, నాలుకకి ఎక్కువా అని పందేలు కూడా వేసుకున్నారట. వేసుకోనీ.

ఆదివారం ఆరాధన కాగానే తమ్ముడూ మరదలూ నా షెడ్డుకి వచ్చారు. వాళ్ళ నాలుగేళ్ళ పిల్ల జ్వరంతో పోయి అప్పటికి పంతొమ్మిది రోజులు. నా ఒళ్ళో కూర్చుని రాతిపొడిలో వేలితో గీతలు గీసిన పిల్ల. దాని రాయి నేనే చెక్కాలి. దాని మీద ఏం రాయాలో అడగడానికి మాత్రం నాకు నోరు రాలేదు.

మరదలు ఒక చీటీ ఇచ్చింది. "పాస్టరుగారు రాసిచ్చారు వదినా. ఇదే చెక్కు."

తప్పు చేయనివాడు ఎక్కడైనా నాశనమయ్యాడా అని దాని అర్థం.

"పసిపిల్ల రాయి మీద ఇదేం మాటే?"

"దాని గురించి కాదు, నా గురించి." మరదలు తల ఎత్తలేదు. "జ్వరం వచ్చే ముందురోజు అది పాలన్నీ ఒలకబోసింది. విసుగులో 'నువ్వు చస్తే పీడా పోతుంది' అన్నాను. పాస్టరుగారి దగ్గర ఒప్పుకున్నాను. నా నోటి పాపమే బిడ్డని తీసుకెళ్ళిందన్నారు. ఈ మాట రాయి మీద పెట్టి, ప్రతి ఆదివారం దాని ముందు నిలబడి ఒప్పుకుంటేనే నా కడుపు మళ్ళీ పండుతుందట. కొడుకు పోయినప్పుడు దర్జీ అక్క అలాగే నిలబడింది, రెండేళ్ళకి కూతురు పుట్టిందిగా."

"చెక్కెయ్ అక్కా. ఇది తిండి ముట్టడం లేదు" అన్నాడు తమ్ముడు గోడకేసి చూస్తూ.

ఆ మాట ఏ తల్లి అనలేదు? మా అమ్మ నన్ను రోజుకి రెండుసార్లు చావమనేది. యాభై దాటాయి, ఇంకా ఉన్నాను. నాకు ఒళ్ళు మండిపోయింది. వాళ్ళని ఇంటికి పంపేసి బైబిలు తీశాను.

చీటీలో మాట దేవుడిది కాదు. బిడ్డలందరినీ ఒక్కరోజే పోగొట్టుకుని బూడిదలో కూర్చున్న ఒక భక్తుడి కథలోది. ఓదార్చడానికి వచ్చిన స్నేహితుల్లో ఒకడు అతని మొహం మీదే అన్నాడు. గోరుచుట్టు మీద రోకటిపోటు. తర్వాత అధ్యాయాలకి అధ్యాయాలు ఆ స్నేహితులది ఒకటే పాట, నువ్వేదో చేసే ఉంటావని. చివరి అధ్యాయంలో దేవుడు వాళ్ళ మీద మండిపడ్డాడు. మీరు నా గురించి సరిగ్గా మాట్లాడలేదన్నాడు.

బైబిలు చంకన పెట్టుకుని పాస్టరు దగ్గరికి వెళ్ళాను. ఆయన మందిరంలో కుర్చీలు ఒకదానిలో ఒకటి సర్దుతున్నాడు.

"ఇది వాక్యంలో ఉందా, లేదా?" అన్నాడు చీటీ చూసి.

"ఉంది. అదే కథలో సాతాను మాటలూ ఉన్నాయి. అవి కూడా చెక్కమంటారా అయ్యగారూ? ఎవరన్నారో చూడక్కర్లేదా?"

"రాళ్ళు కొట్టుకునేదానివి, నాకు వాక్యం నేర్పుతావా?"

"నేర్పను. చివరి పేజీ చదవమంటున్నాను, అంతే."

ఆయన చదవలేదు. ఇంకో కుర్చీ ఎత్తిపెట్టి నావైపు తిరిగాడు. "దర్జీ ఆవిడ కొడుకు రాయి మీద ఇదే మాట చెక్కింది నువ్వే కదా? పదకొండేళ్ళయింది. అప్పుడేమైంది నీ చదువు?"

ఆ ఏడాది అంటురోగం. రోజుకో రాయి. పాస్టరు రాసిన చీటీయే కదా, చదివేదేముందిలే అనుకున్నాను. ప్రార్థనలకి రాకుండా కుట్టుమిషను ముందు కూర్చుందని, అందుకే కొడుకు పోయాడని ఆమెకి చెప్పారట. నేను ఆ మాటని లోతుగా, అందంగా చెక్కి ఇచ్చాను. తేలుకుట్టిన దొంగలా మందిరంలోంచి బయటపడ్డాను.

మరదలి ఇంటికి వెళ్ళి ఆ కథ చెప్పి, చివరి అధ్యాయం చదివి వినిపించాను. కదలకుండా వింది.

"ఆ బిడ్డలు తిరిగొచ్చారా వదినా?"

"రాలేదు. తర్వాత వేరే బిడ్డలు పుట్టారు. పోయినవాళ్ళు పోయినట్టే. ఎందుకు పోయారో దేవుడు ఆయనకి చెప్పనేలేదు."

ఒక తీపి మాట కలిపి చదవాలని నాకూ అనిపించింది. లేనిది కలిపితే పాస్టరుకీ నాకూ తేడా ఏముంది? మరదలు పంతొమ్మిది రోజుల్లో మొదటిసారి గొంతెత్తి ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి మొహం తుడుచుకుని, "దర్జీ అక్కకి చెప్పావా?" అంది.

సాయంత్రం ఇద్దరం సమాధుల తోటకి వెళ్ళాం. దర్జీ ఆవిడ తన కొడుకు రాయి ముందు మోకాళ్ళ మీద కూర్చుని తడిబట్టతో అక్షరాల్లో దుమ్ము తుడుస్తోంది. నేను నిలబడే చదివాను. ముందు ఆ స్నేహితుడి మాట, తర్వాత దేవుడి కోపం. ఆమె చెయ్యి ఆగిపోయింది.

"ఈ పేజీ అప్పుడు కూడా ఉందా అక్కా?"

"ఉంది."

"నీ దగ్గర?"

"నా దగ్గరే ఉంది. నేను చదవలేదు."

ఆమె తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"వాడి తర్వాత పుట్టిన పిల్లని నేను ఎత్తుకుని ముద్దు పెట్టుకోలేదు. నా పాపం దానికీ అంటుతుందని. పాలు కూడా మా అత్త చేతే పట్టించాను. దానికిప్పుడు తొమ్మిదేళ్ళు. నా పక్కకి రమ్మంటే రాదు."

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, "ఇప్పుడే అరగదీసేస్తాను" అన్నాను.

"రాయినైతే అరగదీస్తావు" అంది ఆమె.

మరదలు వెళ్ళి ఆమె పక్కన కూర్చుంది. నేను సంచీలోంచి ఉలి తీశాను.