రావుల వరసలో హైమవతి మూకుడు

చిక్కడపల్లి మార్కెట్లో ఎల్లవ్వ దగ్గర ఎప్పటిలాగే రెండు కట్టలు తోటకూర తీసుకుని సంచీలో వేసుకున్నాక గానీ, ఈ రోజు ప్రయోగశాలలో కూరతో పనిలేదని జగన్నాథరావుకు గుర్తు రాలేదు. సాయంత్రం ఆయన రిటైరవుతున్నాడు.

"ఏంది సారూ, మీకు మీరే నవ్వుకుంటున్నరు?" అంది ఎల్లవ్వ.

"ఏం లేదమ్మా" అని నడక సాగించాడు. పొట్టి మనిషి. వేళ్ల మీద యాసిడ్ మచ్చలు, జేబు మీద సిరా మరక, ఒకవైపే అరిగిన చెప్పులు.

నారాయణగూడలోని ఆహార పరిశోధన సంస్థలో ఆయన ఉద్యోగమంతా ఒకే ప్రశ్న మీద గడిచింది: ఇనుప మూకుడులో వండితే కూరలోకి ఇనుమెంత దిగుతుంది? దాని మీద వ్యాసాలు రాశాడు. విదేశీ పత్రికలు అచ్చువేశాయి. తర్వాత ఉలుకూ లేదు, పలుకూ లేదు.

ప్రయోగాలకు వాడిన మూకుడు భార్య హైమవతిది. కాపురానికి వస్తూ అంచున పేరు చెక్కించి తెచ్చుకుంది. వారంలో తెచ్చిస్తానని ఆయన ప్రయోగశాలకు పట్టుకెళ్లాడు. స్టోర్సు వాళ్లు దాని మీద తెల్లరంగుతో నంబరు వేశారు. సర్కారు నంబరు పడ్డ వస్తువు గేటు దాటుతుందా? అశోక్‌నగర్ ఇంట్లో వంకాయ వేపుడు అడుగంటినప్పుడల్లా ఆమె ఒకటే దెప్పేది: "నా మూకుడు మింగి మీ పేపర్లేం సాధించాయండీ? ఒక్కరైనా చదివారా?"

ఆ జవాబే ఆయనా వెతికేవాడు. లోకంలో ఎవరి వ్యాసాన్ని ఎవరెవరు తమ వ్యాసాల్లో పేర్కొన్నారో చూపే లావుపాటి సూచికలు ఏటా లైబ్రరీకి వచ్చేవి. ఇంటిపేరు మద్దాలి కనక 'ఎమ్'లో చూసేవాడు. జగన్నాథ కనక 'జె'లో చూసేవాడు. ఎవరూ గమనించకుండా మూసేసేవాడు. ఏ ఏడూ ఆయన పేరు కనబడలేదు.

ఈ రోజు ఆఫీసుకు చేరగానే స్టోర్సు బుగ్గయ్య మూకుడు చేతిలో పెట్టాడు. "పెద్దసారు లెక్కల నుంచి తీసేసిన్రు. ఇంటికి కొంచవోండ్రి." దాన్ని తోటకూర మీద పెట్టుకుని, పుస్తకాలు తిరిగివ్వడానికి లైబ్రరీకి వెళ్లాడు. కాళ్లు మళ్లీ ఆ సూచికల దగ్గరికే తీసుకెళ్లాయి.

"ఏటేటా అండ్ల ఏం దేవులాడ్తరు సార్?" అంది లైబ్రేరియన్ మనోరమ. "పోయేరోజన్న చెప్పుండ్రి."

సిగ్గుపడుతూనే చెప్పాడు. ఆమె నోరు నొక్కుకుంది. "అయ్యో! బయటి దేశపోళ్లకు ఇంటిపేరు ఆఖర్ల ఉంటది సార్. మిమ్మల్ని ఉత్త రావును చేసేసి ఉంటరు. రావులల్ల చూడాలె."

తానే సంపుటం తెచ్చి తెరిచింది. పేజీల కొద్దీ రావులే! చేపల జబ్బుల రావు, కంటి శుక్లాల రావు, భూకంపాల రావు. పెళ్లిసందట్లో తప్పిపోయిన చుట్టాన్ని వెతికినట్టు వేలితో వెతుక్కుంటూ పోయాడు. పేజీ మూసుకుపోకుండా మూకుడు తీసి బోర్లించాడు. రావు, ఎమ్. జె. తన వ్యాసం అచ్చయిన పత్రికే. సంవత్సరమూ అదే. కింద, దాన్ని పేర్కొన్న ఒకరి పేరు. దాని కింద ఇంకొకటి. ఆపైన వరసే!

మనోరమ ఇంకో సంపుటంలో వాళ్ల దేశాలు, వ్యాసాల పేర్లు తీసింది. బ్రెజిల్. ఇథియోపియా. ఫిలిప్పీన్స్. అక్కడి వంటపాత్రలతో అక్కడివాళ్లు ఆయన లెక్కలు సరిచూశారు.

"చదివారమ్మా! చదివారు!" అని అరిచాడు. మాట్లాడకూడదని బోర్డున్న గదిలో తలలన్నీ లేచాయి. ఆయనకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. పక్క సంపుటంలోనూ ఆ పేర్లున్నాయని మనోరమ అందులోంచే జిరాక్సులు తీయించి ఇచ్చింది.

వీడ్కోలు సభలో ఎవరేం మాట్లాడారో ఆయన చెవికెక్కలేదు. దండ వేశారు, శాలువా కప్పారు. సభ అయిపోగానే ఆ దండతోనే గేటు దాటాడు. వాచ్‌మన్ సలాము కొట్టాడు. వెనక్కి తిరిగి చూడకుండానే ముప్పయ్యేళ్ల కొలువు ముగిసిపోయింది.

"హైమా! చదివారే!" అంటూ ఇంటి గుమ్మంలోనే జిరాక్సులు భార్య చేతికిచ్చాడు.

ఆమె కళ్లద్దాలు పెట్టుకుని కాగితం దగ్గరికి తీసుకుంది. ఆయన ఒక్కొక్క దేశమూ చూపించాడు. అంతా విని, "మరి నా మూకుడేదీ?" అంది.

సంచీలో వడలిన తోటకూర తప్ప ఏమీ లేదు. జగన్నాథరావు కట్టలు పక్కకు నెట్టి మళ్లీ చూశాడు. "పుస్తకం మీద... మర్చిపోయాను. రేపు తెచ్చిస్తాను."

"తెస్తారు లెండి, వారంలో!"

"ఆ వ్యాసం చివర నీకు కృతజ్ఞతలు చెప్పాను హైమా. మూకుడు ఇచ్చినందుకు."

ఆమె తలెత్తింది. "నాకెప్పుడూ చెప్పలేదే?"

"ఎవరూ చదవని దాంట్లో నీ పేరుందని ఏ మొహం పెట్టుకుని చెప్పను?"

హైమవతి కళ్లద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది. చాలాసేపు తుడుస్తూనే ఉంది. "అయితే దాన్నక్కడే ఉండనివ్వండి" అంది చివరికి. "ఇంటికొస్తే దానికి మళ్లీ వంకాయలే కదా! మీరు రండి, అన్నం పెడతాను."

అప్పటికి నారాయణగూడలో మనోరమ లైబ్రరీ దీపాలు ఆర్పుతోంది. రావుల పేజీ మీద మూకుడు బోర్లించినట్టే ఉంది. తెల్లరంగు నంబరు పక్కన, అంచు మీద, చుక్కలు చుక్కలుగా చెక్కిన పేరు: హైమవతి.