ఇంటిదారి పట్టిన హారన్ రింగు

బేరూత్‌లో షౌఖీ టాక్సీ ఎక్కినవాళ్లు ముందు తలుపు గట్టిగా వేసినందుకు తిట్లు తినాలి, తరవాతే ఎక్కడికెళ్లాలో చెప్పాలి. అది గుండ్రటి వీపు మెర్సిడెస్, వాళ్ల నాన్ననాటిది. దానికి స్టీరింగు చక్రం లోపలుండే హారన్ రింగే సిగ్నల్ మీట. నొక్కితే మోత, పక్కకి తిప్పితే ఆ పక్క లైటు. రింగు కింది స్విచ్చి ఎప్పుడో కాలిపోయింది. ఈ ఊళ్లో సిగ్నల్ వేసే మొనగాడెవడు గనక, షౌఖీ చెయ్యి బయటపెట్టి నడిపేసేవాడు. ఇప్పుడేమో తనిఖీవాళ్లు, సిగ్నళ్లు వెలగకపోతే టాక్సీ నంబరు పీకేస్తామన్నారు. అది పోతే ఇంట్లో పొయ్యి వెలగదు.

కొత్తవి చేసేవాళ్లు లేరు. తరవాతి మోడల్ స్విచ్చి తెస్తే స్టీరింగు గొట్టంలో దూరలేదు, దూరినదానికి తీగలు కలవలేదు. చివరికి పాత సామాన్లమ్మే అర్మేనియా ముసలాయన సర్కీస్ దగ్గర అచ్చం అలాంటిదే దొరికింది, రింగుతో సహా. యుద్ధం రోజుల్లో ఓ గోతిలోంచి తీసిన బండిదట. డ్రైవరేమయ్యాడని అడిగితే సర్కీస్ స్క్రూడ్రైవరు కోసం వెతుక్కున్నాడు. అది ఆయన చేతిలోనే ఉంది.

"మొదట్లో ఈ రింగు తనింటికే పోతానంటుంది. ఒక్కసారి తీసుకెళ్లి చూపించు, ఆనక నీ మాట వింటుంది," అన్నాడు బిగిస్తూ.

అది తెలియనిదెవరికి? షౌఖీ పెళ్లాం కొన్న పాత కుట్టుమిషను కూడా కొన్నాళ్లు ఎవరి పిల్లకో గౌన్లు కుట్టింది.

మర్నాడు కుడికి తిరగబోతుంటే ఎడమ లైటు తనంతట తాను కొట్టుకుంది. వెనక సీట్లో కూరల సంచితో ఉన్నావిడ అది చూసి, ముందు దాన్ని దిగబెట్టిరా నాయనా అని మధ్యలోనే దిగిపోయింది. షౌఖీ సణుక్కుంటూ అది చూపిన మలుపులన్నీ తిరిగాడు. గోడల నిండా తూటాల చిల్లులున్న ఓ పాత మేడ ముందు లైటు ఆగింది. వచ్చామని చెప్పాలిగా, రింగు రెండుసార్లు నొక్కాడు.

పై బాల్కనీలోంచి తాడు కట్టిన బుట్ట దిగింది. అందులో గట్టి పెరుగు, పుదీనా పెట్టి చుట్టిన వేడి రొట్టె.

గుమ్మంలో కూర్చున్న కాపలాదారు సంగతి చెప్పాడు. పైనావిడ కొడుకు నదీమ్ టాక్సీ తోలేవాడు. మధ్యాహ్నం కింద ఆగి రెండు హారన్లు కొడితే తల్లి రొట్టె దించేది. యుద్ధంలో ఓనాడు వెళ్లి మళ్లీ రాలేదు. కూతురు కొండమీది తనింటికి రమ్మని ఏడ్చినా, వాడొస్తే రొట్టె ఎవరు దించుతారని ఈవిడ కదల్లేదు. ఇప్పటికీ రోజూ కాలుస్తూనే ఉంది.

షౌఖీ ఏదో ఒక అబద్ధం చెప్పి పోదామనుకుని తలెత్తాడు. ముసలమ్మ కమ్మీ మీద వంగి చూస్తోంది.

"ఆ మోత నా బిడ్డ బండి రింగుది. ఎక్కడ దొరికింది నాయనా?"

"పాత సామాన్ల కొట్లోనమ్మా."

"బండి మొత్తం విప్పేశారా?"

అబద్ధం నోటిదాకా వచ్చి ఆగిపోయింది. "విప్పేశారమ్మా," అన్నాడు.

షౌఖీ ఆ రొట్టె ముట్టుకోలేక, బుట్ట పైకి లాక్కోమన్నట్టు తాడు కదిపాడు.

"నువ్వు తిను. చల్లారితే బాగోదు."

కమ్మీకి కట్టిన తాడు ముడి ఎన్నాళ్లదో, విప్పడానికి ఆమెకి కాస్త సేపు పట్టింది. తాడంతా వచ్చి బండి మీద పడింది.

తరవాత ఆమె చిన్న మూటతో మెట్లు దిగొచ్చి, ముందు సీట్లో కూర్చుని, కొండమీదికి పోనియ్యమంది. షౌఖీ రింగు కుడికి తిప్పాడు. కుడి లైటే వెలిగింది.

ఆమె తలుపు ధడాలున వేసింది. షౌఖీ ఏమీ అనలేదు.