ముందు మంట, తర్వాత వాసన

నిమ్మతొక్కను గోటితో గిల్లితే కంటికి కనబడని తుంపర లేస్తుంది.

ముందు కళ్ళు మండుతాయి.

తర్వాత వాసన.

పచ్చిగా, పుల్లగా, నేరుగా తలలోకి దూసుకుపోయే వాసన... పసిపిల్లలకి తెలుసు. పళ్ళన్నీ ఊడిన ముసలివాళ్ళకీ తెలుసు. ఎవరూ నేర్పక్కర్లేదు.

ఆ వాసన తెలియనివాళ్ళ కోసం ఆమె వెతుకుతోంది. చాలా ఏళ్ళుగా వెతుకుతోంది.

ఆమె పరిశోధకురాలు. వయసు పైబడ్డాక కొందరికి వచ్చే జబ్బు ఒకటుంది — చేతులు వణుకుతాయి, నడక తడబడుతుంది, ముఖంలో నవ్వు మెల్లగా బిగుసుకుపోతుంది. చేతులు వణికే నాటికి లోపల జరగాల్సిన నష్టం చాలావరకు జరిగిపోయి ఉంటుంది. కానీ అంతకు ఎన్నో ఏళ్ళ ముందే, కొందరిలో, చిన్న సంగతి ఒకటి జరుగుతుంది. వాసన పోతుంది.

చెప్పకుండా పోతుంది.

చూపు మసకబారితే అక్షరాలు అలుక్కుపోయి తెలుస్తుంది. చెవి మందగిస్తే ఇంట్లోవాళ్ళు విసుక్కుంటే తెలుస్తుంది. వాసన పోతే ఎవరికి పట్టింది? పోగొట్టుకున్న మనిషికే తెలియదు.

ఆమెకి పట్టింది. అదే ఆమె పని.

ఆ పనికొక గది. ఆ గదిలోకి సెంటు రాదు. వాసన సబ్బు రాదు. కాఫీ కప్పు గుమ్మం దగ్గరే ఆగిపోతుంది. తెల్లటి బల్ల మీద ముదురు గోధుమరంగు సీసాలు, ప్రతి సీసాలో చిన్న దూది, దూది మీద నూనె చుక్క. నిమ్మ, గులాబీ, లవంగం, సబ్బు, పొగ, పుదీనా. పెద్దవాళ్ళు వచ్చి కుర్చీలో కూర్చుని కళ్ళు మూసుకుంటారు. ఆమె సీసా మూత తీసి ముక్కు దగ్గర పెట్టి నాలుగు పేర్లు చెబుతుంది. అందులో ఒకటి ఎంచుకోవాలి.

"తెలియకపోతే ఊహించి చెప్పండి. ఖాళీగా మాత్రం వదలకండి."

ఎంతో మెత్తగా చెబుతుంది. ఎవరైనా దిగులుగా లేస్తే ఇంకో మాట కూడా సిద్ధంగా ఉంటుంది. "జలుబు చేసినా వాసన పోతుందండీ. కంగారు పడాల్సిందేం లేదు." అబద్ధం కాదు. నిజమే. జలుబు చేసినా పోతుంది, వయసుతో కొంత పోతుంది, ముక్కులో కండ పెరిగినా పోతుంది.

ఆ గదికి ఒక పద్ధతి ఉంది. పొద్దున్నే, ఎవరూ రాకముందు, ప్రతి సీసా ఆమె ముక్కు దగ్గర హాజరు వేయించుకోవాలి. నూనె పాతబడితే వాసన చచ్చిపోతుంది. చచ్చిన సీసా పట్టుకుని, మీకు వాసన తెలియట్లేదు తాతగారూ అంటే ఎంత అన్యాయం! అందుకని ఆ పద్ధతి ఆమే పెట్టింది. ముందు నా ముక్కు, తర్వాత వాళ్ళ ముక్కు.

మరి ఆ ముక్కుని ఎవరు చూడాలి?

ఎవరూ అడగలేదు. అడగడానికి అదేమన్నా మామూలు ముక్కా! పక్కింట్లో పాలు పొంగితే ఈమె స్టవ్ దగ్గరికి పరిగెత్తేది. చినుకు పడకముందే తీగ మీద బట్టలు తీసేది. కూతురు బడి నుంచి రాగానే నుదుటి మీద చెయ్యి వేయకుండా, జుట్టు వాసన చూసి, "దీనికి జ్వరం వచ్చేలా ఉంది" అనేది. వచ్చేది. ఇంట్లో మాట దాచొచ్చు గానీ వాసన దాచలేమని భర్త చేతులెత్తి దణ్ణం పెట్టేవాడు. పెళ్ళయిన కొత్తలో మానేశానని చెప్పిన సిగరెట్టు ఆయనకి ఇంకా గుర్తే.

ముందు నిమ్మ సీసా చచ్చిపోయింది.

పారబోయించింది. కొత్త నూనె తెప్పించింది. అదీ అంతే. తర్వాత గులాబీ. ఆ తర్వాత లవంగం కూడా నీరసంగా, గోడ అవతల నుంచి పిలిచినట్టు... నూనెలు పంపే ఆయనకి ఫోన్ చేసి దులిపేసింది. "నీళ్ళు కలిపి అమ్ముతున్నారా? పెద్దవాళ్ళ ఆరోగ్యంతో ఆటలా?" ఆయన లబోదిబోమన్నాడు. ఒట్టు పెట్టుకున్నాడు. ఇంకో పెట్టె పంపాడు.

సీసాలు నింపేది టెక్నీషియన్. ఆమె దగ్గరే పని నేర్చుకుని, ఆమె దగ్గరే పెళ్ళీడు దాటించుకున్న మనిషి. ఒకసారి సీసా వాసన చూసి నసిగాడు.

"నాకు బాగానే వస్తోందే మేడమ్..."

"నీకు జలుబు చేసినట్టుంది. ఇవాళ నువ్వు సీసాల జోలికి రాకు."

అతను తన ముక్కునే అనుమానించాడు. ఇంటికెళ్ళి ఆవిరి కూడా పట్టాడు పాపం.

ఆ రోజు పొద్దున.

కొత్త పెట్టె విప్పారు. నిమ్మ. ఆమె పీల్చింది. గాలి... ఒట్టి గాలి. కోపం నషాళానికి ఎక్కింది. ఉన్న నిమ్మ సీసాలన్నీ మూతలు తీసి, ట్రేలో పెట్టి, కిటికీ దగ్గరికి నెట్టేసింది. అన్నీ వెనక్కి పంపేస్తానంది. వాడి సంగతి తేలుస్తానంది.

అప్పుడే డ్రైవర్ తాతగారు వచ్చారు.

బస్సులు నడిపి రిటైరైన మనిషి. డెబ్బై దాటాయి. జబ్బేం లేదు. జబ్బు లేనివాళ్ళు ఎలా ఉంటారో చూడ్డానికి పిలిచే మనుషుల్లో ఒకరు. కబుర్లపోగు. గుమ్మంలోనే ఆగి, చెప్పులు విడుస్తూ, గట్టిగా ఊపిరి పీల్చారు.

"ఏంటి డాక్టరమ్మా, నిమ్మకాయల కొట్టు పెట్టారా? మెట్ల దగ్గరికే కొడుతోంది వాసన!"

ఆమె నవ్వింది. పాపం, లేని వాసనలు తగులుతున్నాయి ఈయనకి, అనుకుంది. ఇలాంటివీ ఉంటాయి, రాసిపెట్టుకోవాలి, అనుకుంది. నవ్వుతూనే టెక్నీషియన్ వైపు తిరిగింది.

అతను నవ్వట్లేదు.

అతను కిటికీ వైపు చూస్తున్నాడు. ట్రే వైపు. ఆ తర్వాత ఆమె వైపు.

"మేడమ్... నాకూ వస్తోంది."

"ఏమిటి వచ్చేది?"

"నిమ్మ మేడమ్. గదంతా నిమ్మే."



గదంతా. బల్ల మీద, కుర్చీ మీద, ఆమె రాసిపెట్టుకునే కాగితాల మీద, ఆమె చీర మీద, ఆమె పీలుస్తున్న గాలి నిండా — నిమ్మ. ఇద్దరు మనుషులు అందులో మునిగి నిలబడ్డారు. ఆమె ఒక్కతే బయట ఉంది.

ట్రే దగ్గరికి వెళ్ళింది. సీసా ఎత్తి ముక్కుకి ఆనించుకుంది. గుండె నొప్పి పుట్టేదాకా పీల్చింది.

గాలి.

ఇంకోటి. గాలి. ఇంకోటి. గాలి. గాలి...

చేతిలో సీసా కదులుతోంది. భయంతో వణుకుతోందా చెయ్యి? లేక...? ఆ రెండో మాట దగ్గర ఆమె బుర్ర ఆగిపోయింది. సీసాని బల్ల మీద పెట్టి, ఆ చేతిని రెండో చేత్తో గట్టిగా పట్టుకుంది.

ఇంకా యాభై కూడా నిండలేదు.

అయినా పని ఆగదు కదా. తాతగారిని కూర్చోబెట్టింది. చచ్చిందనుకున్న ఆ నిమ్మతోనే మొదలుపెట్టి, సీసాలు ఒక్కొక్కటీ ఆయన ముక్కు దగ్గర పెట్టింది. ఆయన అన్నీ సరిగ్గా చెప్పారు. ఊరికే చెప్పలేదు — గులాబీకి వాళ్ళావిడ గుర్తొచ్చింది, పొగకి పాత బస్సు ఇంజిను గుర్తొచ్చింది. కళ్ళు మూసుకుని, ముడతల ముఖం విప్పార్చుకుని, తృప్తిగా, తాపీగా, ఎక్కడికెక్కడికో వెళ్ళొస్తున్నారు. ఆమె ఆ ముఖాన్నే చూస్తూ నిలబడింది. అసూయ పుట్టింది. డెబ్బై దాటిన మనిషి ముక్కు మీద అసూయ! సిగ్గేసింది. అయినా అసూయే.

ఆయన వెళ్ళాక టెక్నీషియన్ తలుపు చేరవేశాడు. ఏం చెప్పాలో తెలియక ఆమె మాటలే ఆమెకి చెప్పాడు.

"జలుబు చేసినా పోతుంది మేడమ్. కంగారు పడాల్సిందేం లేదు."

ఆమెకి జలుబు చేసి చాలా కాలమైంది. ఇద్దరికీ తెలుసు.

ఇన్నేళ్ళూ ఇంతమందికి ఈ మాటేనా చెప్పింది తను? ఇంత మెత్తటి మాట... చెవి దాకా వచ్చి లోపలికి ఎక్కకుండా జారిపోయే మాట. ఎవరూ తిరిగి ఒక్క మాట అనలేదే.

కుర్చీలో కూర్చుంది. మొదటిసారి. ఇంత పల్లంగా ఉంటుందని తెలియదు. ఇక్కడి నుంచి చూస్తే సీసా పట్టుకున్న మనిషి మరీ ఎత్తుగా కనిపిస్తాడని తెలియదు.

సీసాల వరుస ఆమెకి కంఠస్థం. కళ్ళు మూసుకున్నా మోసం చేసుకోగలదు. అందుకని అతను వెనక్కి తిరిగి, పేర్ల మీద కాగితం అంటించి, వరుస కలిపేశాడు.

"తెలియకపోతే ఊహించి చెప్పండి మేడమ్. ఖాళీగా మాత్రం..."

మిగతా మాట వదిలేసి మూత తీశాడు.

మొదటి సీసా. గాలి. లవంగం, అంది. ఊహ.

రెండోది. గాలి. సబ్బు, అంది. ఊహ.

మూడోది — చల్లగా గుచ్చుకుంది! ముక్కు దూలం దాకా చల్లగా! "పుదీనా!" అని అరిచింది. చిన్నపిల్లలా చప్పట్లు కొట్టబోయింది. కొట్టబోయి... చేతులు అలాగే ఒళ్ళో దించుకుంది. ఆ చల్లదనం వాసన కాదు. పుదీనా చల్లదనమైనా, నిమ్మతొక్క మంటైనా, వాసనకి సంబంధం లేని వేరే నరం పని. వాసన మొత్తం పోయినవాళ్ళకి కూడా అవి తగులుతాయి. కొత్తగా చేరిన ప్రతివాళ్ళకీ ఈ పాఠం చెప్పింది ఆమే.

మిగతావి కూడా చెప్పింది. ఎన్ని సరిపోయాయో అడగలేదు. అతను చెప్పలేదు. రేపు డాక్టర్ దగ్గర టైం తీసుకుంటానని మాత్రం అన్నాడు.

సాయంత్రం ఇంటికి నడిచింది. బేకరీ ముందు నుంచి, పెట్రోలు బంకు ముందు నుంచి, తడిసిన మట్టి గుట్ట పక్క నుంచి. వీధి వీధంతా గాజు అవతల ఉన్నట్టుంది. ఎప్పటి నుంచి ఇలా? ఎప్పటి నుంచి?

ఒక్కొక్కటే గుర్తొచ్చాయి.

పాలు అడుగంటి గిన్నె మాడిపోయిన రోజు. ఆమె పక్క గదిలోనే ఉంది. భర్త పరిగెత్తుకొచ్చి స్టవ్ ఆపి, "ఏమోయ్, ముక్కు సెలవు పెట్టిందా?" అన్నాడు. తనూ నవ్వింది.

కూతురి సెంటు. పదిహేనేళ్ళ పిల్ల, ఈ మధ్యే స్నేహితురాళ్ళతో కలిసి కొనుక్కుంది. తన బట్టలకి అంటుకుని పని గదిలోకి వాసనలు వస్తాయని ఇంట్లో కూడా సెంటు వద్దనేది తను. మొదట్లో పిల్ల భయపడుతూ దూరంగా తిరిగింది. తర్వాత పక్కనే కూర్చుంది. తర్వాత మెడ చుట్టూ చేతులు వేసి వేలాడింది. ఆమె ఒక్క మాట అనలేదు. "అమ్మ మారిపోయింది నాన్నా, ఇప్పుడసలు తిట్టట్లేదు" అని పిల్ల ఎంత మురిసిపోయిందో...

తలుపు తీసింది పిల్లే. ఎప్పట్లాగే మెడ చుట్టేసింది. ఆమె ఆ జుట్టులో ముఖం దాచుకుంది. పుట్టిన రోజు నుంచీ తెలిసిన తల. చీకట్లో వంద మంది పిల్లల్ని నిలబెట్టినా ఇది నాది అని చెప్పగలిగిన తల.

మెత్తగా ఉంది. వెచ్చగా ఉంది.

అంతే ఉంది.

"ఏంటమ్మా, ఇంతసేపు పట్టుకున్నావ్? వదులు, హోంవర్కుంది."

వదిలింది.

వంటింట్లోకి వెళ్ళింది. ముందు గదిలో భర్త ఎవరితోనో ఫోన్లో నవ్వుతున్నాడు. చెప్పాలి. ఎలా మొదలుపెట్టాలి? ఇంతమందికి చెప్పిన మనిషికి ఇంట్లో ఇద్దరికి చెప్పడానికి మాట దొరకట్లేదు. ఫ్రిజ్ తీసింది. నిమ్మకాయ ఒకటి చేతికి తగిలింది. సీసాలో నూనె కాదు. ఎవరో పంపింది కాదు. నీళ్ళు కలపడానికి వీల్లేనిది.

దీపం కింద నిలబడి ముక్కు దగ్గరికి తెచ్చుకుంది. గోరు నొక్కి గిల్లింది.

"అమ్మా! ఏడుస్తున్నావా?"

గుమ్మంలో కూతురు. చేతిలో పుస్తకం జారిపోతోంది.

"లేదే. నిమ్మకాయ."

పిల్ల దగ్గరికొచ్చింది. గాలి పీల్చి, "అబ్బ, ఎంత బాగుందో" అంది. అని, తల్లి ముఖంలోకి చూస్తూ ఉండిపోయింది.

ఆమె మళ్ళీ గిల్లింది. కనబడని తుంపర లేచింది.

ముందు కళ్ళు మండాయి.

తర్వాత...

కళ్ళు మూసుకుని నిలబడింది.

తర్వాత...