ఫోన్‌లో మోగింది నేను కాదు

నేను ఒక కనెక్టింగ్ రాడ్డుని. పేరు చెబితే మెకానిక్కులు తప్ప ఎవరూ గుర్తుపట్టరు. మోటారుసైకిల్ కొనేవాడు ట్యాంకు రంగు చూస్తాడు, సీటు నొక్కి చూస్తాడు, హారన్ కొట్టి మురిసిపోతాడు. నన్ను చూడాలంటే ఇంజను విప్పాలి. జానెడు ఉక్కు కడ్డీని. పైన చిన్న రింగు, కింద పెద్ద రింగు. చిన్న రింగు పిస్టన్‌ని పట్టుకుని ఉంటుంది, పెద్దది కింద తిరిగే క్రాంకుని. పిస్టన్ పైకీ కిందికీ గంతులేస్తుంటే ఆ గంతుల్ని బండి నడిపే తిరుగుడుగా మార్చేది నేనే. ఇంత చాకిరీ చేసి నేను చూసిన లోకం ఏమిటయ్యా అంటే నూనె, వేడి, చీకటి.

ఎర్రగా కాలిన ఉక్కుని అచ్చులో పెట్టి సుత్తితో మోది నన్ను చేశారు. అది 1967. మొదటి యజమాని వ్యవసాయశాఖలో ఉద్యోగి. ప్రతి ఆదివారం బండి తుడిచేవాడు, వేళకు నూనె మార్చేవాడు. ఆయన మొహం నేనెన్నడూ చూడలేదు గానీ మంచివాడని నూనె రుచిని బట్టి తెలిసేది.

రెండో యజమాని పాలవ్యాపారి. అటు రెండు, ఇటు రెండు క్యాన్లు కట్టి, పైన బావమరిదిని ఎక్కించుకుని తిరిగేవాడు. నూనె సంగతి ఎవరైనా గుర్తుచేస్తే "రేపు పోద్దాంలే" అనేవాడు. ఆ రేపు రాలేదు. ఒక వైశాఖమాసపు మిట్టమధ్యాహ్నం మాచర్ల రోడ్డు మీద నూనె మొత్తం ఇంకిపోయి పిస్టన్ సిలిండరులో బిగుసుకుపోయింది. కింద క్రాంకు తిరగమంటుంది, పైన పిస్టన్ కదలనంటుంది. మధ్యలో ఉన్నది నేను కదా, వంగిపోయాను. ఎవరో మెకానిక్ నన్ను బండరాయి మీద పెట్టి సుత్తితో నాలుగు దెబ్బలు కొట్టి సరిచేశాడు. చూపుకి తిన్నగానే వచ్చాను. కానీ చిన్న రింగు కింద, మెడ దగ్గర, నాలో సన్నని బీట పడింది. తలవెంట్రుక కంటే సన్నం. అది నాకొక్కదానికే తెలుసు.

బీట అంటే ఏమిటో చెబుతాను. కదలకుండా ఉన్నంతకాలం ఏమీ కాదు. ఇంజను జోరందుకున్నాక ఒక్కో తిప్పుకి ఒక్కో పిసరు పెరుగుతుంది. ఒకరోజు మెడ పుటుక్కున విరుగుతుంది. విరిగిన ముక్క ఇంజనుకి అడ్డం పడి, వెనక చక్రం ఉన్నపళంగా ఆగిపోతుంది. బండి మీదున్నవాళ్ళ సంగతి ఆ రోడ్డుని బట్టి, వాళ్ళ అదృష్టాన్ని బట్టి ఉంటుంది.

పాలవ్యాపారి బండి పాత ఇనుము కింద పోయింది. గోనెసంచిలో ఎన్నో ఏళ్ళు పడి ఉన్నాను. చివరికి హైదరాబాదులో ఒక పాత సామాన్ల దుకాణదారు నన్ను బయటికి తీశాడు. తుప్పు గీకించాడు, చిన్న రింగు లోపల కొత్త కంచు తొడుగు, అదే బుష్, కొట్టించాడు, పాలిష్ చక్రం మీద పెట్టి అద్దంలా మెరిపించాడు. ఆ మెరుపుతో బీట పై అంచులు మూసుకుపోయాయి. నా నిజం నాలోపలే సమాధి అయింది.

అప్పుడు ఫోన్ మోగింది. నరసరావుపేట నుంచి రాజారత్నం అనే లెక్కల మాస్టారు. పాత బండి కొని ఎనిమిది నెలలుగా నాలాంటి రాడ్డు కోసం వెతుకుతున్నాడట. "బీటల్లేవు గదా? మోగించి వినిపించండి" అన్నాడు. రాడ్డుని దారానికి వేలాడదీసి స్పానరుతో కొడితే, మంచిదైతే గంటలా మోగుతుంది, బీట ఉంటే బొంగురుపోతుంది. పొయ్యి మీదికి కుండ కొనేటప్పుడు వేలితో తట్టి చూస్తారే, అదే లెక్క. దుకాణదారు నన్ను బల్ల మీదే ఉంచాడు. అరలోంచి వేరే బండి రాడ్డొకటి తీసి, ఫోన్ దగ్గర వేలాడదీసి కొట్టాడు.

"ఇనుండ్రి సార్, గంట లెక్క మోగుతుంది!"

మాస్టారు మురిసిపోయాడు. ఆ మోగింది నేను కాదు బాబూ అని అరుద్దామంటే నాకు నోరెక్కడిది? నన్ను కాగితంలో చుట్టి, అట్టపెట్టెలో పెట్టి, టేపు వేసేశారు.

పెట్టె విప్పింది నరసరావుపేటలో మీరావలి మేస్త్రి షెడ్డులో. మీరావలికి అరవై ఎనిమిదేళ్ళు. యాభై ఏళ్ళు ఇంజన్ల పక్కనే ఉండి రెండు చెవులూ పోగొట్టుకున్నాడు. మనుషుల మాటల్ని పెదవుల్ని చూసి పట్టుకుంటాడు, తను మాత్రం ఊరంతా వినేలా మాట్లాడతాడు. మాస్టారుతో పాటు ఆయన భార్య కరుణ కూడా వచ్చింది. వచ్చే నెలకి వాళ్ళ పెళ్ళయి పాతికేళ్ళు. ఆ రోజు ఈ బండి మీద నల్లమల ఘాటు రోడ్డెక్కి శ్రీశైలం డ్యామ్ చూడాలని మాస్టారి కోరిక.

"ఈ బండికి రాసినంత నూనె నా తలకి కూడా రాయలేదు మేస్త్రీ ఈయన" అంది కరుణ.

ఘాటెక్కేటప్పుడే నా మెడ మీద బరువంతా పడేది. ఒక పక్క కొండ, ఒక పక్క లోయ, వెనక సీటు మీద ఈవిడ.

మీరావలి కొలతలు మొదలుపెట్టాడు. బుష్‌లో గేజి పెట్టి చూశాడు, సరిపోయింది. పెద్ద రింగు గుండ్రం చూశాడు, సరిపోయింది. గాజుపలక మీద పెట్టి వంపు చూశాడు, అదీ లేదు. ఒక్కో పరీక్ష పాసవుతుంటే నాకు ఒక్కో తలుపు మూసుకుపోతున్నట్టుంది. జీవితంలో మొదటిసారి, నన్ను ఒక్కడైనా పనికిరానిదని అనాలని కోరుకున్నాను.

"నే చెప్పలా? బిగించెయ్ మేస్త్రీ" అన్నాడు మాస్టారు. "మోత నేను ఫోన్లోనే విన్నా."

మీరావలి ఆయన పెదవుల్నే చూశాడు. "నువ్విన్నావు, నేనినలా గదా" అన్నాడు. నా పెద్ద రింగులోంచి సన్నని తీగ దూర్చి, దాని కొస పళ్ళ మధ్య బిగబట్టాడు. ఆ నోటికింద నేను వేలాడుతున్నాను. స్పానరుతో ఒక్కటి కొట్టి కళ్ళు మూసుకున్నాడు. చెవులు పోయిన మనిషి, తీగ గుండా వచ్చే అదురుని పళ్ళతో వింటున్నాడు! మళ్ళీ కొట్టాడు. గూట్లోంచి వేరే రకం బండిది, మంచి రాడ్డు ఒకటి తీసి దాన్నీ అలాగే కొట్టి చూశాడు. మూడోసారి మళ్ళీ నన్ను.

తీగ వదిలి, "ఇది చచ్చిన రాడ్డు మాస్టారూ" అన్నాడు.

మాస్టారుకి కోపమొచ్చింది. "చెవులు వినపడనాయన మోత బాలేదంటే ఎట్టా నమ్మేది?" అన్నాడు. అన్నాక తనే నొచ్చుకున్నాడు గానీ మాట జారిపోయింది. మీరావలి ఆ పెదవుల్ని కూడా చదివాడు.  నన్ను కిరసనాయిలు గిన్నెలో ముంచి, కాసేపుంచి, బయటికి తీసి పొడిగా తుడిచాడు. తర్వాత మాస్టారి జేబు వైపు వేలు చూపించాడు. "ఆ సుద్దముక్క ఇట్టా ఇయ్యి."

బళ్ళో లెక్కలు చెప్పే సుద్దని పొడిచేసి నా మెడంతా తెల్లగా పూశాడు. స్పానరుతో మెల్లగా తట్టాడు. ముగ్గురూ వంగి చూస్తున్నారు. కిరసనాయిలు ఒక్క చోటే దాక్కుని ఉంది, నా బీటలో. మెల్లగా సుద్దలోకి ఊరింది. తెల్లటి పూత మీద సగం మెడ చుట్టూ సన్నని నల్లగీత లేచింది.

 కరుణ ఆ గీత వంక చూసి భర్త మోచెయ్యి పట్టుకుంది. సిగ్గుపడాల్సినదాన్ని నేనే, కానీ నాకు ఏడుపొచ్చినంత సంతోషమైంది.

ఆ సంతోషం ఎంతోసేపు నిలవలేదు. మాస్టారు దుకాణానికి ఫోన్ చేస్తే, "వాపస్ పంపుండ్రి సార్, వేరేది ఇస్తా" అన్నాడు అవతలివాడు. మాస్టారు తేలికపడి అదే అట్టపెట్టె తీశాడు, అదే కాగితం చుట్టాడు. నాకు తెలుసు ఏమవుతుందో. సుద్ద తుడిచేస్తారు, మళ్ళీ పాలిష్, మళ్ళీ ఇంకో రాడ్డు మోత.

"పంపొద్దండీ" అంది కరుణ.

"అదేంది? వేరేది ఇస్తానంటన్నాడుగా."

"ఇదేం చేస్తాడు? ఇంకెవరికో అంటగడతాడు. ఆ బండెనకాల ఇంకెవరో ఆడమనిషి కూర్చుంటది."

మాస్టారు చేతిలో టేపు కింద పెట్టేశాడు. తర్వాత పెట్టెలోంచి నన్ను తీసి మీరావలి చేతిలో పెట్టాడు.  మేస్త్రి నన్ను వైసులో బిగించి, పెద్ద రింగుని హాక్సాతో అడ్డంగా కోసేశాడు. ఇక లోకంలో ఏ ఇంజనూ నన్ను లోపలేసుకోదు.

వాళ్ళకి మంచి రాడ్డు దొరకడానికి రెండు నెలలు పట్టింది. మీరావలి పళ్ళకి నచ్చిందే బిగించారు. పెళ్ళిరోజు దాటిపోయింది, అయినా వెళ్ళారు.

నేనిప్పుడు షెడ్డు గోడకి, మేకుకి వేలాడుతున్నాను. కదలడానికి లేదు, ఇదీ ఒకరకం చెరే. పక్కన మంచి రాడ్డొకటి ఉంది. మెరిసే సామాను తెచ్చి మురిసేవాళ్ళకి మీరావలి ముందు దాన్ని కొట్టి, తర్వాత నన్ను కొట్టి వినిపిస్తాడు.

ఘాటు నుంచి తిరిగొచ్చాక కరుణ షెడ్డుకి వచ్చింది, మొహమంతా దుమ్ము. అరిసెల డబ్బా మేస్త్రి చేతికిచ్చి, నా దగ్గరకొచ్చి, చేతి గాజుతో నా మెడ మీద తట్టింది. నేను ఎప్పటిలాగే బొంగురుగా పలికాను. ఆవిడ నవ్వి, ఇంకోసారి తట్టి విన్నది.